కుడివైపు వెనక సీటు

నారింజరంగు పిడి లాగాక పది నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోవాలి. పెట్రోలూ కరెంటూ రెండూ తాగే ఆ పెద్ద బండ్లు విప్పబోయే ఏ మెకానిక్కుకైనా నేను చెప్పే మొదటి మాట ఇదే. వెనక సీటు కింద పడుకున్న బ్యాటరీలో మనిషిని ఒక్క కేకైనా వెయ్యనివ్వకుండా తీసుకుపోయేంత కరెంటు ఉంటుంది. పిడి లాగినంత మాత్రాన అది వెంటనే చావదు. కంపోంగ్ ఛ్నాంగ్‌లో ఒకడు ఆగలేక వేలు పెట్టాడు. మూడు రోజులు వాడి నోట్లోంచి బ్యాంకాక్ రేడియో వినపడింది. నేను స్వయంగా విన్నాను. వార్తలు శుభ్రంగా వచ్చేవి, పాటల దగ్గరే కాస్త గరగరమనేది.

ఆ రోజు మాత్రం పది నిమిషాలు ఆగడం నాకే కష్టమైంది. బ్యాటరీలో వేలు పెట్టాలని కాదు. ఎదురుగా ఉన్న పెద్దమనిషి చెంప మీద చెయ్యి పెట్టాలని.

అది చేపల నెల. ప్రెక్ ప్నౌ రేవులో పడవల నిండా వెండిరంగు చిన్నచేపలు దిగుతున్నాయి. ఆడవాళ్ళు బుట్టల్లో దిగి చేపలు తొక్కుతున్నారు. ప్రహోక్ పెట్టుకోవడానికి నగరం నుంచి వచ్చినవాళ్ళు ఉప్పు బస్తాలు మోసుకుంటున్నారు. జాడీలో మాగిన ఆ ఉప్పుచేపల ముద్ద లేకపోతే మా ఇళ్ళలో ఏడాది గడవదు. నా షెడ్డు రేవుకీ ఐదో నంబరు రోడ్డుకీ మధ్యన ఉంది. ఆ నెలలో నా స్పానర్లు కూడా చేపల కంపే కొడతాయి.

పదకొండు గంటలకు ఓక్న్యా తియెంగ్ గారి నల్ల బండి మూలుగుతూ వచ్చి ఆగింది. ఓక్న్యా అనేది డబ్బున్నవాళ్ళకు రాజుగారిచ్చే బిరుదు. ఆయన తండ్రి ఇదే రేవులో గంపలు మోసినవాడు, అయినా బిరుదు లేకుండా పిలిస్తే ఈయనకు వినపడదు. కుడివైపు వెనక సీట్లోంచి ఆయన దిగాడు, ఎడమవైపు నుంచి భార్య దిగింది, ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని. ముందు డ్రైవరు సరూన్. బండిలో ఎర్ర త్రికోణం హెచ్చరిక దీపం వెలుగుతోంది.

"తాతా, వంతెన ఎక్కడానికే ఏడుస్తోంది," అన్నాడు సరూన్.

"నువ్వు నోర్ముయ్!" అని అరిచాడు ఓక్న్యా. "ఛున్ తాతా, విను. సిటీలో పెద్ద షెడ్డువాళ్ళు కంప్యూటర్ పెట్టి చూశారు. బ్యాటరీ లోపలి సెల్లుల్లో ఒక మూలవన్నీ చచ్చిపోయాయట, మిగతావి కొత్తవాటిలా ఉన్నాయట. అంటే ఏంటి? ఈ వెధవ మంచివి పీకి అమ్ముకుని చెత్త పెట్టాడు. నువ్వు విప్పి చూపించు చాలు. సాయంత్రానికి వీణ్ణి పోలీసుల చేతుల్లో పెడతా."

"మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఒకటే వృత్తి," అంది ఆవిడ రుమాలు వెనక నుంచి.

సరూన్ తల వంచుకున్నాడు. ఆ మాట ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. వాడి భార్య లక్ఖెనా కిందటి వానాకాలం దాకా ఓక్న్యాగారింట్లో వంట చేసేది. ఆవిడగారి పెళ్ళినాటి వెండి సామానులో ఒక చెంచా పోయింది. లక్ఖెనాను గేటు బయట నిలబెట్టి, సంచి రోడ్డు మీద కుమ్మరించి, వీధంతా వినేలా దొంగ అన్నారు. చెంచా దొరకలేదు. ఆ తర్వాత ఆ పిల్లను ఏ వంటింట్లోకీ రానివ్వలేదు ఎవరూ. ఇద్దరు పిల్లలు తినాలి గనక సరూన్ మాత్రం స్టీరింగు వదల్లేదు. ఇప్పుడు అదీ పోయి, జైలొచ్చేలా ఉంది.

నేను ముందు మామూలు బండ్లలో ఉండేలాంటి చిన్న బ్యాటరీ చూశాను, బాగుంది. బ్యాటరీకి గాలి పోసే పంకా దారి చూశాను, దుమ్ముంది గాని మూసుకుపోలేదు. ఈ రెండూ చూడకుండా పెద్ద బ్యాటరీ మార్చమనేవాడు మెకానిక్ కాడు, దళారి. తర్వాత పిడి లాగి జేబులో వేసుకుని, గోడ గడియారం చూశాను.

"ఏంటి కూర్చున్నావ్?" అన్నాడు ఓక్న్యా.

"పది నిమిషాలు."

"నాకు మూడింటికి సిటీలో పనుంది!"

"కరెంటుకి మీ బిరుదు తెలీదు ఓక్న్యాగారూ. నేనేం చెయ్యను?"

ఆయన షెడ్డులో అటూ ఇటూ తిరిగాడు. "దరిద్రపు కంపు. మనుషులెలా ఉంటారిక్కడ? నేను ప్రహోక్ నోట పెట్టి ఇరవయ్యేళ్ళయింది. మా ఇంట్లో ఆ మాటే వినపడకూడదు."

"వినపడనివ్వను," అంది ఆవిడ.

"ఇంకా ఎనిమిది నిమిషాలు," అన్నాను.

"సరూన్, ఒప్పుకోరా. ఎవడికి అమ్మావో చెప్తే తగ్గించి కేసు పెట్టిస్తా."

"నేను తియ్యలేదయ్యా."

"మీ ఆవిడా ఇలాగే అంది."

సరూన్ చేతిలోని గళ్ళ తువ్వాలును తాడులా మెలిపెట్టాడు. నేను వాడి భుజం మీద చెయ్యి వేసి, గడియారం తిరిగే దాకా అలాగే ఉంచాను.

టైమయ్యాక రబ్బరు తొడుగులు వేసుకుని సీటు ఎత్తి, మూత విప్పాను. ముగ్గుర్నీ దగ్గరికి పిలిచాను.

"ఇలా చూడండి. ఈ మరమేకుల మీద పచ్చరంగు గీతలున్నాయా? ఫ్యాక్టరీలో బిగించినప్పుడు పెడతారు. ఒక్క మర తిప్పినా గీత విరిగిపోతుంది. ఒక్కటైనా విరిగిందా? ఇక సెల్లుల మీది నంబర్లు. ఈ చివర్నుంచి ఆ చివరికి వరసగా ఉన్నాయి. వీడు మార్చుంటే మధ్యలో వరస తప్పాలి." మీటరు ముల్లు ఒక్కొక్క సెల్లుకీ తాకించాను. అన్నిట్లోనూ ఒకటే లెక్క. "చచ్చిందేదీ లేదు. సెల్లుల లెక్క మోసుకెళ్ళేవి సన్న వైర్లు, సిటీవాళ్ళ కంప్యూటరు అవి చెప్పిందే నమ్మింది. ఆ మూల వైరేదో కుళ్ళిపోయి అబద్ధం చెప్పుంటుంది. వాళ్ళు మూత విప్పితేగా!"

సరూన్ తువ్వాలు మెలిక విప్పాడు. అంతలో ఓక్న్యా వంగి, కుడి మూల చూపించాడు. "మరి అదేంటి?"

అక్కడ రాగి పట్టీలు ఆకుపచ్చగా చిలుము పట్టి, తెల్లటి పొక్కులు లేచి ఉన్నాయి. సన్నటి వైర్లు రెండు తెగేదాకా తినేసి ఉన్నాయి. నేను ముక్కు దగ్గరికి వంచాను. చేప. పట్టీకి అంటుకుని ఒక పొలుసు కూడా ఉంది, పసిపిల్ల గోరంత.

"చూశారా!" ఓక్న్యా గొంతు తిరిగి లేచింది. "నా బండిలో చేపలు మోస్తున్నాడు! కిరాయికి తిప్పుతున్నాడు! ఇది దొంగతనం కాదా?"

"నెల్నుంచీ కంపంటున్నాను, మీరే రేవుగాలి అన్నారు," అంది ఆవిడ.

నాకు ఒళ్ళు మండింది. ఒక నేరం కడిగితే ఇంకోటి పూస్తున్నాడు. చేపలు మోసేవాడు వెనక డిక్కీలో మోస్తాడు, నీళ్ళు అక్కడ కారతాయి. ఇక్కడ చారిక పైనుంచి, సరిగ్గా కుడి సీటు కిందికి దిగింది. ఆ సీటు పరుపును బోర్లా తిప్పాను. స్ప్రింగుల మధ్య సంచిలో చుట్టి, విదేశీ బిస్కెట్ల డబ్బా ఇరికించి ఉంది. దాని అడుగు తుప్పు పట్టి జల్లెడయింది.

"ఈ సీట్లో ఎవరు కూర్చుంటారు?"

"నేనే. కానీ తుడిచేది వాడు! డబ్బా వాడిదే!"

"సరూన్, నీదేనా?"

"నేనెప్పుడూ చూళ్ళేదు తాతా. ఆ పరుపు ముట్టుకోవద్దన్నారు. ప్రతి శనివారం రేవు పక్కన ఆపమంటారు. ఫోన్ మాట్లాడాలి, అటు తిరిగి నిలబడమంటారు. నిలబడతాను."

డబ్బా మూత తీశాను. సగం దాకా ప్రహోక్, ఒక పచ్చిమామిడి చెక్క, ఒక చెంచా. వెండిది. పిడి మీద తామరమొగ్గ.

ఆవిడ ముక్కు మీది రుమాలు తీసి, దాంతోనే చెంచా తుడిచి చూసింది. "ఇది నాది," అంది. బయట చేపలు తొక్కేవాళ్ళ పాట వినపడుతోంది.

సరూన్ ఓక్న్యా ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఆ రోజు మా ఆవిడ సంచిలో ఏముందో తెలుసా అయ్యా? అడుగంటిన అన్నం. పిల్లలకని తెచ్చుకుంటోంది. మీ కాపలావాడు దాన్ని చెప్పుకాలితో తిరగేశాడు. మీరు మేడ మీంచి చూస్తున్నారు. నేను బండి కడుగుతున్నాను. ఈ చెంచా అప్పటికే ఈ సీటు కిందుంది. మీరు దీని మీదే కూర్చున్నారు!"

"గుర్తు రాలేదురా," అన్నాడు ఓక్న్యా. "అంత హడావిడిలో... చెంచా ఎంత చిన్న సంగతి."

నేను తీగబ్రష్షూ వెనిగరు సీసా తెచ్చి బల్ల మీద పెట్టాను. ఊడదీసిన రాగి పట్టీలు ఆయన ముందు పోశాను.

"గీకండి."

"ఏంటీ?"

"మీ ఉప్పు మీరు గీకండి. నా వేళ్ళు ముసలివి."

ఆయన భార్య వైపు చూశాడు. "గీకండి," అంది ఆవిడ.

గీకాడు. పట్టీలు ఎర్రగా తేలేదాకా ఒప్పుకోలేదు నేను. బ్యాటరీల్లో పోసే శుద్ధమైన నీళ్ళతో కడిగించాను, ఎండలో ఆరబెట్టించాను, తడి మిగిలిందని రెండోసారీ ఆరబెట్టించాను. కొత్త వైర్లు అతికించాను. మరలు పిల్లాడి చెవి మెలిపెట్టినంతే బిగించాలి, మించితే తెగుతాయి. పిడి పెట్టాక ఎర్ర త్రికోణం ఆరిపోయింది.

"రిపేరయ్యాక రోడ్డు మీద తిప్పి చూడాలి. మెకానిక్ కూడా ఎక్కాలి. రూలు," అన్నాను. రూలు సగం నిజం. నేను ముందు సీట్లో డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

బండి వంతెనను పిల్లిలా ఎక్కింది. తర్వాత సిటీ వైపు కాకుండా మట్టిరోడ్డులోకి తిరిగింది. సరూన్ తన ఇంటి ముందు ఆపి, ఇంజన్ కట్టేశాడు. ఏసీ ఆగింది.

"దిగండి అయ్యా. చెప్పండి దానికి."

ఓక్న్యా దిగలేదు. ఆవిడ దిగింది, నేను దిగాను. ఎండలో నల్ల బండి ఎంతసేపట్లో పొయ్యి అవుతుందో ఆయన లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు కాబోలు. చొక్కా మొత్తం తడిశాక దిగాడు.

లక్ఖెనా అరటిబోదె తరుగుతోంది. ఆవిడగారు చాపిన చెంచా చూసింది. ముట్టుకోలేదు.

"జరిగిందేదో జరిగిపోయిందమ్మా. పొరపాటైంది," అన్నాడాయన.

"ఇక్కడ నన్నెవరూ దొంగ అన్లేదు. ఈ అరటిచెట్లకి చెప్పి ఏం లాభం?" కత్తి పక్కన పెట్టి చేతులు కడుక్కుంది. "అన్నచోట చెప్పండి."

వచ్చి కుడివైపు వెనక సీట్లో కూర్చుంది. ఆవిడ ఎడమ పక్కన. ఓక్న్యా మధ్యలో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా.

నాలుగు గంటలకు ఆయన వీధిలో కాఫీబండి దగ్గర పదిమంది ఉన్నారు. కాపలావాడు గేటు తీయబోతే సరూన్ వద్దని చెయ్యి ఊపాడు. ఓక్న్యా రోడ్డు మీద నిలబడి ఏదో గొణిగాడు.

"వినపళ్ళేదు," అంది లక్ఖెనా.

"చెంచా... ఈమె తియ్యలేదు."

"కాఫీబండి దాకా వినపళ్ళేదు."

"చెంచా నేనే తీశాను! ఈమె దొంగ కాదు!" అని ఆయన అరిచిన అరుపుకి ప్రెక్ ప్నౌ రేవులో చేపలు తిరిగి నీళ్ళలోకి దూకాయని నేను ఇప్పటికీ చెబుతుంటాను. కాపలావాడు తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"రేపు పొద్దున్న ఏడింటికి రారా," అన్నాడు ఓక్న్యా సరూన్‌తో, మొహం తుడుచుకుంటూ.

సరూన్ నా చేతిలోంచి డబ్బా తీసుకుని, బండి తాళం ప్రహోక్‌లో మునిగేదాకా వేలితో నొక్కి, మూత పెట్టి, ఆయన చేతిలో పెట్టాడు. ఇద్దరూ నడుచుకుంటూ వెళ్ళిపోయారు. లోపల బుల్లి బ్యాటరీ ఉండే ఆ తాళం ఉప్పునీళ్ళలో ఎంతసేపు బతుకుతుందో నాకు తెలుసు. వెంటనే తీసి కడగమని ఆయనకు చెబితే చాలు, బతుకుతుంది.

నేను కాఫీ చెప్పుకున్నాను.