జంతువు పుట్టుపూర్వోత్తరాలు

కుడి మోకాలి దగ్గర కుట్టు విడిచింది, నిన్ననే రెండో వరస వేసి ఉండాల్సింది, రెక్సిన్‌కు ఒంటి కుట్టు ఆగదని ముప్పై ఏళ్లుగా పని నేర్చుకోవడానికి వచ్చిన ఆడపిల్లలందరికీ చెప్పిన విజయరాణి తన దగ్గరికి వచ్చేసరికి బద్ధకించింది, చెప్పేవి శ్రీరంగనీతులంటే ఇవే, సరే, ఈ షాట్ అయ్యాక చూసుకోవచ్చు, ప్లైవుడ్ గొట్టంలో బోర్లా పడుకుని, ఒళ్లంతా నల్ల రెక్సిన్ జంతువై, ముందుకు జానెడు వెనక్కి బెత్తెడు తప్ప జాగా లేనిచోట మోకాలు ఎవరికి కనిపిస్తుంది, బయట నారాయణరావుపేట రోడ్డు మీద ట్రాక్టరు పోతోంది, షూటింగ్ పెట్టుకున్న ఈ మూతబడిన కోళ్ల ఫారం రేకులు ఎండకు చిటపటమంటున్నాయి, లైటు ఇంకా కుదరలేదట, కుదరకపోతే మానె, సిద్దిపేటలో ఆమె టైలరింగ్ దుకాణం తెరిచి ఉంటే ఈపాటికి అక్కా నా జాకెట్టు, అత్తా నా చీర ఫాల్ అని పదిమంది పీక మీద కూర్చునేవాళ్లు, ఇక్కడ పిలిచే నాథుడు లేడు, ఊపిరి తనకే వినిపిస్తోంది, చెమట పట్టినా ప్రాణం హాయిగానే ఉంది.

అసలు ఇందులో దూరాల్సింది ఆమె కాదు, రెండేళ్ల కింద చెల్లెలి కొడుకు హరీష్ యూట్యూబ్‌లో పెట్టడానికి సినిమా తీస్తానని, పాత లారీ కంటైనర్‌ను అంతరిక్ష నౌకగా మార్చి, అందులో చిక్కుకుపోయిన ఆరుగురిని ఒక్కొక్కరిగా తినే జంతువుకు వేషం కుట్టమంటే కుట్టింది, జిమ్ములో కండలు పెంచిన పోరడు ఆ వేషం వేసుకుని నౌకలో జంతువు పాకే గొట్టంలో రెండు నిమిషాలు కూడా ఉండలేక ఊపిరాడట్లేదని ఏడుస్తూ బయటపడ్డాడు, జిప్పు ఎక్కడ పట్టేస్తోందో చూద్దామని, తను ఎలాగూ పొట్టి మనిషి, తొడుక్కుని దూరింది, దూరాక మళ్లీ రాబుద్ధి కాలేదు, బస్సు డిపోలో మెకానిక్కైన ఆమె మొగుడు లింగమూర్తి సైకిల్ ట్యూబులతో తోక చేసి తెచ్చాడు, దగ్గరుండి తగిలించి, ఇంట్ల గూడ గిట్లనే ఉంటవు గదనే, తోకొక్కటే తక్కువుండె అని నవ్వాడు, ఆ సినిమా చూశాక చింతమడకలో ఉండే ఆడబిడ్డ నాలుగు రోజులు స్నానాల గది దాకా మొగుణ్ని తోడు పిలుచుకుందట, ఆ జంతువు ఎక్కడి నుంచి వచ్చిందో, ఎందుకు తింటుందో సినిమా మొత్తంలో ఒక్క మాట లేదు, అందుకే అంత భయమేసింది, ఆ సంగతి హరీష్‌కు తప్ప అందరికీ తెలుసు, వాడు మాత్రం ఇప్పుడు ప్రీక్వెల్ అంటాడు, అదేంది ర అని లింగమూర్తి అడిగితే, మొదటి సినిమా కంటె ముందు ఏముండెనో చెప్పేది పెద్దబాపూ అన్నాడు, ముందేముండె ర, కోళ్లుండె అన్నాడీయన, ఆ మాటకు గొట్టంలో నవ్వాపుకోలేక ఆమె తోక ఊడినంత పనయింది.

పొద్దున హరీష్ చేతిలో పెట్టిన కాగితం మాత్రం నవ్వు తెప్పించలేదు, ఆ జంతువు ఒకప్పుడు అదే నౌకలో డాక్టరమ్మ అట, పిల్లలు కాలేదట, ఒక్క బిడ్డ కోసం ఏదో మందు తనకు తనే ఎక్కించుకుని ఇలా అయిపోయిందట, చివరి షాట్‌లో ముసుగు తీసి కెమెరాలోకి చూసి ఏడవాలి, ఆ షాటు ఇవాళే, నీ మొహమే పెద్దమ్మా, జనం నిన్ను సూసి ఏడ్వాలె, నీకు తెల్వని బాధనా అన్నాడు, ప్రేమగానే అన్నాడు, అదే వచ్చిన చిక్కు, కోపం తెచ్చుకోవడానికి కూడా లేదు, ఆమె నోరు సరే అనేసింది, వర్గల్ సరస్వతి గుడిలో వాడికి అక్షరాభ్యాసం చేయించిన రోజు, చెల్లెలు పూజ సామాను సర్దుతుంటే వాణ్ని ఒళ్లో పెట్టుకున్నది తనే, పక్క వరసలో ముసలమ్మ ఏం బిడ్డా, నీ కొడుకా అంది, చెల్లెలు గబుక్కున, కాదవ్వా, మా అక్కకు పిల్లలు లేరు అంది, అయ్యో పాపం అంది ముసలమ్మ, ఆ పాపం అప్పటి నుంచి వెంట తిరుగుతూనే ఉంది, పుట్టింట్లో ఒడిబియ్యం పోసేటప్పుడు వదిన కళ్లలో అదే, దుకాణానికి వచ్చేవాళ్ల గొంతులో అదే, అంత బాగా కుడుతుందేమంటే పిల్లలు లేరుగా పాపం, ఎప్పుడూ నవ్వుతుందేమంటే లోపల ఎంత బాధో పాపం, ఇప్పుడు ఆ జంతువుకూ అదే అంటగట్టారు, ఆ రోజు తను వేలు పట్టి బియ్యంలో దిద్దించిన అక్షరాలతోనే వాడు ఆ కాగితం రాశాడు, ఏడ్చే ఈ మొహాన్ని జిల్లా అంతా ఫోన్లలో చూశాక ఇక తను నాకే బాధా లేదంటే మాత్రం ఎవరు నమ్ముతారు.

పెద్దమ్మా రెడీనా, నీ బాధ నువ్వు యాది చేస్కో, గంతే, అని బయటి నుంచి హరీష్ గొంతు, సరే, మాట ఇచ్చింది కదా, కళ్లు మూసుకుంది, ఏడేళ్లు తిరిగిన హైదరాబాదు దవాఖానలు, సూదులు, ఒకసారి బాత్రూంలో నల్లా విప్పి, ఆ చప్పుడులో ఏడ్చిన ఏడుపు, నిజమే, ఏడ్చింది, దాని దగ్గర కాసేపు ఆగి చూసింది, అది ఎప్పుడో ఆరిపోయింది, ఆరిన బట్టను పిండితే ఏమొస్తుంది, దాని వెనక ఇంకేమైనా ఉందేమోనని వెదికితే సిద్దిపేట బస్టాండు వచ్చింది, డాక్టరు ఇంకోసారి చూద్దామన్న రోజు, బస్సు దిగి ఇద్దరూ మిర్చి బజ్జీలు తింటున్నారు, లింగమూర్తి కాగితానికి చేతులు తుడుచుకుంటూ, ఇగ పోవద్దే రాణీ అన్నాడు, వద్దు అంది, బడికి సెలవిచ్చిన పిల్లల్లా ఇద్దరూ నడుచుకుంటూ ఇంటికి పోయారు, ఆ సాయంత్రం ఎంత బాగుండిందో ఎవరికీ చెప్పలేదు, చెబితే, పైకి అట్లంటరు గని లోపల ఎంత బాధో పాపం, అనేవాళ్లు.

హరీష్, అని పిలిచింది, ఏంది పెద్దమ్మా, ఇది ఏడ్వదు ర, మరేం జేస్తది, పాకుతది, ఆకలైతే తింటది, మరి ఎందుకు గట్లయిందో చెప్పాలె గద, ఎందుకంటే ఏం చెప్తం ర, దానికి గీడ మంచిగున్నది అంది, పాపం వాడు మూడు నెలలు కూర్చుని రాశాడు, వాడి మొహం ఎలా అయి ఉంటుందో తెలుసు, వాడు ఎన్నిసార్లు వేయమంటే అన్నిసార్లు వేషం వేస్తుంది గానీ ఏడ్చే తన మొహం మాత్రం ఇవ్వదు, మరి నా సినిమా ఎట్ల అని హరీష్, మొదటిది ఉండనే ఉన్నది గద ర అని లింగమూర్తి, విజయరాణి ప్లైవుడ్‌కు చెంప ఆనించుకుంది, ఇన్నాళ్లూ అందరూ పాపం అంటుంటే తనకూ ఒక మూల అనుమానంగానే ఉండేది, దేన్నో మరిచిపోవడానికే ఇందులో దూరుతున్నానేమోనని, కాదు, మరిచిపోవాల్సింది ఏదీ లేదు, బాగుందని దూరింది, బతికిన బతుకూ అంతే, బాగుందని బతికింది.