జవాబనుకున్న చప్పుడు

కన్నమ్మ అన్నం మానేసిందని మా వీధిలో ముందు తెలిసింది నాకే. పొద్దున నేను పంపిన సంకటి గిన్నె సాయంత్రానికి మూత కూడా తీయకుండా తిరిగొచ్చింది. కొడుకు పోయిన తల్లి కొన్నాళ్ళు తినకపోతే ఎవరూ ఏమీ అనరు. కానీ కర్మ కూడా అయిపోయి, చుట్టాలందరూ తిరుత్తణి బస్సెక్కి ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయాక కూడా ముట్టలేదంటే నాకు భయం పట్టుకుంది. మా మేనత్త ఒకావిడ అలాగే పోయింది. రోగం లేదు, నొప్పి లేదు, ఇంక చాలనుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. కన్నమ్మ కూడా గోడ వైపే తిరిగి పడుకుని ఉంది. దిండు పక్కన ఫోను.

"ఏంది కన్నమ్మా నువ్వు చేసే పని? లెయ్, రెండు ముద్దలు తిను."

"నాకెందుకత్తా తిండి? బిడ్డను తినేసినా కదా."

"ఏం మాటలవి?"

"నేనే కదా వాడికి ఫోన్ చేసి చెప్పింది. ఒరే, ఈ తట్టు వస్తే మన ఇంటి మీదుగా పోరా, మిద్దెక్కి చూస్తానని నేనే కదా అడిగినాను. అమ్మ పిలిచిందని వచ్చినాడు. వచ్చి కొండకు కొట్టుకున్నాడు."

దేవా ఆమెకు ఒక్కడే కొడుకు. విమానం నడపడం నేర్చుకుంటున్నాడు. చిన్నప్పుడు తిరువళ్ళూరు బస్సెక్కితే సగం దారిలోనే కడుపు తిప్పి వాంతి చేసుకునేవాడు. కన్నమ్మ చేతిలో నిమ్మకాయ పెట్టి వాసన చూడమని పంపేది. అలాంటివాడు విమానం నడుపుతానంటే వాళ్ళ నాయన ఏకాంబరం ఊరంతా విని నవ్వేలా అన్నాడు, "ముందు బస్సులో కక్కకుండా తిరునిన్రవూరు దాకా పోయి రారా, ఆమీద ఆకాశం సంగతి చూద్దాం" అని. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. మొదటిసారి ఒంటరిగా నడిపిన రోజు కూడా వాడి జేబులో నిమ్మకాయ ఉందట.

కార్తీక మాసం ముసురులో, కొండల మీదకు మేఘం దిగిన ఒక మధ్యాహ్నం వాడి చిన్న విమానం మా ఊరికి పడమటనున్న కొండకు తగిలింది. మూట కట్టి తెచ్చారు. ముఖం చూపించలేదు. విమానాల బడి నుంచి వచ్చిన వాళ్ళు నీళ్ళు కూడా తాగకుండా నిలబడే చెప్పారు: కొండల్లో మబ్బుంది, కుడికి తిరిగి పూండి చెరువు మీదకు వచ్చెయ్యమని కింద నుంచి రేడియోలో చెప్పారట, సరేనని వీడు జవాబు కూడా ఇచ్చాడట, ఇచ్చి కూడా ఇటే వచ్చాడట. వాళ్ళలో ఒకాయన చుట్టూ చూసి, "మీ ఇల్లు ఈ వైపేనా?" అని అడిగాడు. ఆ ఒక్క మాట చాలింది. కన్నమ్మ అప్పుడే కూలబడింది.

ఆ కింద నుంచి చెప్పే చోట పని చేసేది నా మనవరాలే. మా పెద్దబ్బాయి కూతురు ధాత్రి. విమానాలు దిగే మైదానం పక్కన ఎత్తుగా కట్టిన అద్దాల గదిలో కూర్చుని, ఎవరు ఎటు పోవాలో, ఎవరు ఎప్పుడు దిగాలో రేడియోలో చెబుతుంది. దేవాను ఆ బడిలో చేర్పించింది కూడా అదే. వీడు దాన్ని అక్కా అక్కా అని పట్టుకుని తిరిగేవాడు. అలాంటిది కర్మకు రాలేదు. డ్యూటీ ఉందని ఫోనులో చెప్పింది. ఆ రోజు రేడియోలో ఎవరున్నారో ఊళ్ళో ఎవరూ అడగలేదు, నాకూ అడగాలని తోచలేదు.

సంకటి గిన్నె తిరిగొచ్చిన మర్నాడు పొద్దున ధాత్రి వచ్చింది. భుజాన సంచి దించలేదు. నేరుగా పెరట్లోకి వెళ్ళి బట్టలుతికే రాతి మీద కూర్చుంది. రాయి తడిగా ఉందని చెప్పినా లేవలేదు.

"అవ్వా, చిన్నమ్మ ఎట్లుంది?"

"పోతా ఉంది. నేను పిలిచినందుకే బిడ్డ పోయినాడని తిండి మానేసింది."

"పిలిచినందుకు కాదవ్వా. వాడి పాఠం ఆ దారిలోనే. తిరుత్తణి దాకా పోయి తిరిగి రావాలని మేమే ఇచ్చిన దారి అది. చిన్నమ్మ పిలవకపోయినా వాడు ఆ తట్టే పోవాల."

"మరి తిరగమంటే సరేనని తిరగలేదంట కదా?"

ధాత్రి భుజాన సంచి దించి ఒళ్ళో పెట్టుకుంది. ఆ తర్వాత చెప్పింది. నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను.

రేడియోలో దారి చెబితే, పైనున్నవాడు ఆ మాటనే తిరిగి చెప్పాలట. కుడికి తిరిగి పూండికి రా అంటే, కుడికి తిరిగి పూండికి వస్తున్నాను అనాలి. అప్పుడే విన్నట్టు లెక్క. కానీ అక్కడ నటరాజన్ అని నేర్పించే పెద్దాయన ఒకడున్నాడు. మాట్లాడే ఓపిక లేక, చేతి కిందున్న బొత్తాన్ని రెండుసార్లు నొక్కుతాడు. ఇక్కడ టక్ టక్ అని వినిపిస్తుంది. అంటే విన్నాను, సరే అని. ఆయన్ను చూసి పిల్లలందరూ నేర్చుకున్నారు. దేవా కూడా. వినీ వినీ అద్దాల గదిలో వీళ్ళకీ అలవాటైపోయింది.

"ఆ పొద్దు నటరాజన్ సార్ ఇంకో విమానంలో ఉన్నాడవ్వా. ఆయన్ని దిగకుండా కాసేపు ఆగమన్నాను, జవాబు లేదు. అంతలో కొండల మీద మబ్బు కమ్మింది. దేవాకు చెప్పినాను, కుడికి తిరుగు, పూండికి వచ్చెయ్ అని. వెంటనే టక్ టక్ అని వచ్చింది. వాడే అనుకున్నాను. ఇంకొకరు దిగుతామంటా ఉంటే వాళ్ళతో మాట్లాడతా ఉండిపోయినాను."

"వాడు కాదా?"

"సార్ అవ్వా. నేను ముందు చెప్పినదానికి అప్పుడు నొక్కినాడు. దేవా అప్పటికే కొండ చాటుకు దిగిపోయినాడు, నా మాట వాడికి అందనే లేదు. కొంతసేపటికి 'అక్కా' అని ఒక్క మాట వినిపించింది. మేము రేడియోలో తెలుగు మాట్లాడకూడదు. వాడెప్పుడూ మాట్లాడలేదు. ఎంత భయపడినాడో ఏమో. నేను పిలిచినాను, పిలిచినాను..."

పెరట్లో కోడి ఒకటి దాని కాళ్ళ చుట్టూ తిరుగుతోంది. దాన్ని తోలాలని కూడా నాకు తోచలేదు.

"ఆ నటరాజన్ ఏమంటాడు?"

"నా రూముకు వచ్చినాడు. నొక్కింది నేనే అన్నాడు. టేపులో టక్ టక్ అని ఉంది, ఎవరిదని ఉండదు కదమ్మా అన్నాడు. పోయినోడు రాడు, నీ ఉద్యోగం పోతుంది, నా లైసెన్స్ పోతుంది, ఎవరికి లాభం అన్నాడు. రేపు విచారణకు నన్ను పిలిచినారు. దేవా సరే అన్నాడని నేనంటే అంతటితో అయిపోతుంది."

నేనేమీ ధర్మపన్నాలు చెప్పలేదు. చెప్పే మనసూ లేదు. దాని ఉద్యోగం కోసం మా అబ్బాయి పట్టాభిరామ్ ఊళ్ళో ఫ్యాక్టరీ పని చేస్తూ ఎన్నిసార్లు రెండేసి షిఫ్టులు చేశాడో నాకు తెలుసు. నోరు మూసుకోమ్మా అని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మూత తీయని గిన్నె ఇంకా నా వంటింట్లోనే ఉంది.

"ఆఫీసులో నువ్వేం చెప్తావో నీ ఇష్టం. కన్నమ్మకు మాత్రం ఈ పొద్దే చెప్పాల. ఇంగ ఎక్కువ రోజులు ఉండదు ఆమె."

"చిన్నాయన నన్ను నరుకుతాడవ్వా."

"నీ ముందు నేను నిలబడతా. ముసిలిదాన్ని నరికేసరికి వానికి ఆయాసం వచ్చేస్తుంది, నిన్ను వదిలేస్తాడు. లెయ్."

అది నవ్వలేదు. లేచింది.

ఏకాంబరం వాకిట్లో చెనక్కాయ చెట్ల కుప్ప ముందు కూర్చుని కాయలు పీకుతున్నాడు. వానకు తడిసిన కాయలు, కొన్ని అప్పటికే మొలకలు వేశాయి. అయినా పీకుతూనే ఉన్నాడు. మమ్మల్ని చూసి, "రా పెద్దమ్మా" అన్నాడు. ధాత్రిని ఏమీ అనలేదు. మేం లోపలికి వెళితే తలుపు దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

ధాత్రి కన్నమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుంది. పెరట్లో నాకు చెప్పినదంతా చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు. ఆ రోజు రేడియోలో ఉన్నది తానేనని అన్నప్పుడు ఏకాంబరం చేతిలోని చెనక్కాయ మొక్క నేల మీద పడింది.

"నువ్వేనా?" అన్నాడు. "ఇన్నాళ్ళూ మా ముఖం చూడకుండా దాక్కున్నావా? నీ మాట నమ్మే కదే వాణ్ణి ఆ బళ్ళో వేసినా! అక్క ఉంది, అక్క చూసుకుంటుందని!"

నేను మధ్యకు జరిగాను. ధాత్రి తల దించుకునే ఉంది.

కన్నమ్మ గోడ వైపు నుంచి మెల్లగా ఇటు తిరిగింది. అన్ని రోజుల తర్వాత ఆమె ముఖం అప్పుడే చూశాను. ఎముకలు తప్ప ఏమీ లేవు.

"అరవొద్దు" అంది మొగుడితో. తర్వాత ధాత్రితో, "రెండుసార్లా? టక్ టక్ అని రెండుసార్లా?"

"అవును చిన్నమ్మా."

దిండు పక్కనున్న ఫోను చేతిలోకి తీసుకుంది. "వాడు కింద దిగినాక నాకు రెండు రింగులిచ్చి కట్ చేస్తాడు. నేను ఎత్తకూడదు. దిగినానుమ్మా అని చెప్పడం అది. ఆ పొద్దు మిద్దె మీద నిలబడి చూస్తా ఉన్నా. మబ్బు తప్ప ఏం లేదు. కింద వంటింట్లో ఫోను మోగింది. రెండుసార్లు. ఆగిపోయింది. శరి, వాన వస్తా ఉందని తిరిగిపోయి దిగేసినాడు అనుకున్నా. నిమ్మళంగా మిద్దె దిగొచ్చి దోసె పోసుకుని తిన్నా. ఫోను చూడను కూడా చూడలేదు. అది ఎవరో, ఏదో కంపెనీ వాళ్ళు." ఫోను దిండు మీద బోర్లా పెట్టింది. "వాడు చచ్చిపోయే గడియలో నేను దోసె తింటా ఉన్నానత్తా."

ఆమె తిండి ఎందుకు మానేసిందో అప్పుడు నాకు పూర్తిగా తెలిసింది. ఏకాంబరానికీ అప్పుడే తెలిసినట్టుంది. గడప మీద కూర్చున్నాడు.

"వాడికి నిజంగా వినబడలేదా?" అని అడిగింది కన్నమ్మ.

"వినబడలేదు చిన్నమ్మా."

"మాట ఇచ్చి తప్పలేదా?"

"వాడు మాటే ఇవ్వలేదు."

"నేను పిలిచినందుకు రాలేదా?"

"లేదు. మేం పంపిన దారిలోనే వచ్చినాడు."

ఏకాంబరం తల ఎత్తకుండా అడిగాడు, "ఈ మాట ఆఫీసులో చెప్తావా?"

"చెప్తా చిన్నాయనా."

"ఉద్యోగం పోతుంది."

"పోతుంది."

"పోనీ" అన్నాడు. జాలి లేదు, కోపమూ లేదు. లేచి వాకిట్లోకి వెళ్ళి మళ్ళీ ఆ మొలకెత్తిన కాయలే పీకడం మొదలుపెట్టాడు.

నేను వంటింట్లోకి వెళ్ళి గంజి కలిపి తెచ్చాను. కన్నమ్మ గిన్నె అందుకుంది. తాగలేదు, పట్టుకుని కూర్చుంది. ధాత్రిని క్షమించానని అనలేదు. అంటుందని నేనూ అనుకోలేదు.

మా వైపు చావింటి నుంచి వెళ్ళేటప్పుడు చెప్పకూడదు. వస్తానన్నా, పోయొస్తానన్నా మళ్ళీ అలాంటి పనికే ఆ ఇంటికి రావలసి వస్తుందని భయం. లేచి గమ్మున వెళ్ళిపోవాలి. ధాత్రి అలాగే లేచి గడప దాకా నడిచింది.

"యాడికి?" అంది కన్నమ్మ వెనక నుంచి. "నోరు తెరిచి చెప్పి పో."

"కన్నమ్మా, ఈ ఇంట్లో చెప్పకూడదే" అన్నాను.

"నోటితో చెప్పకుండా పొయ్యేది ఇంగ నాకొద్దత్తా. చెప్పమను."

ధాత్రి వెనక్కి తిరిగింది. "పోయొస్తా చిన్నమ్మా. రేపు విచారణకు పోతా. నిజం చెప్తా."

"ఏం చెప్తావు?"

"దేవాకు నా మాట వినబడలేదని చెప్తా. ఆ టక్ టక్ వాడిది కాదని చెప్తా. అది నటరాజన్ సార్‌ది, నేను అడిగి తెలుసుకోలేదని చెప్తా."

కన్నమ్మ గంజి గిన్నె ఒళ్ళో పెట్టుకుని దాని ముఖంలోకే చూస్తోంది. వాకిట్లో ఏకాంబరం చేతులు ఆగిపోయాయి.

"మళ్ళీ చెప్పు" అంది.