థర్డ్ పార్టీ

కనకలక్ష్మి ఒక మోకాలు నేలకు ఆనించి, కుచ్చిళ్ళు ఎడమచేత్తో ఒడిసిపట్టుకుని, ట్రాలీ ఆటో కిందికి తల వంచింది. చాసిస్ నంబరు మీద పేరుకున్న మడ్డిని గుడ్డముక్కతో తుడిచి, సెల్లు దగ్గరగా పెట్టి ఫొటో తీసింది. అంకెలు అలుక్కుపోయాయి. మోచెయ్యి కింద పెట్టి, ఊపిరి బిగబట్టి మళ్ళీ తీసింది. ఇదివరకు ఇంత అవస్థ ఉండేది కాదు. నంబరు మీద పల్చటి కాగితం పరిచి పెన్సిలుతో రుద్దితే అంకెలు వాటంతటవే పైకి తేలేవి. ఇప్పుడు ఇన్సూరెన్సు కంపెనీకి ఫొటోలు కావాలి. నీడ పడినా, వంకర వచ్చినా వెనక్కి కొడుతుంది.

"తక్కువలో అయ్యేట్టు చూడమ్మా," అన్నాడు ఆటో యజమాని, కొయ్యబొమ్మలకు రంగులేసే చేతుల్ని లుంగీకి తుడుచుకుంటూ.

"చూస్తాలే బాబాయ్," అంటూ ఆమె ఆటో తొట్టి పట్టుకుని లేచింది.

ఇటు కొండపల్లి నుంచి భవానీపురం దాకా, అటు మైలవరం దాకా, ఎవరైనా ఆమెతో మొదట అనే మాట అదే. మంచి పాలసీ ఏదని అడిగినవాళ్ళు లేరు. పోలీసు ఆపితే చూపించడానికి ఒక కాగితం ఉండాలి, అది తక్కువలో రావాలి. ఆ తక్కువ కోసం ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి ఆమె ముఖం ఎండకు కమిలిపోయింది. రాత్రి బొట్టుబిళ్ళ తీసి అద్దానికి అంటిస్తే, దాని కింద గుండ్రంగా ఒక చోట మాత్రం పాత రంగు కనిపిస్తుంది.

బస్సులో ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్టు పుచ్చుకుని కిటికీ పక్కన కూర్చుంది. థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కనిపించినప్పుడు, అలవాటు కొద్దీ, తల ఇటు తిప్పుకుంది. భర్త రాంబాబు అక్కడే బూడిద టిప్పరు నడిపేవాడు. ఒక వేసవి మధ్యాహ్నం బండి పక్కకు తీసి, ఇంజను ఆపి, స్టీరింగు మీద తల వాల్చాడు. నిద్రపోతున్నాడనుకున్నారందరూ.

రాంబాబును ఇంటికి తెచ్చినవాడు శౌరయ్య. ఇద్దరూ కుర్రతనంలో ఒకే లారీ మీద క్లీనర్లుగా పనిచేశారు. కర్మకాండలు ముగిసి చుట్టాలు వెళ్ళిపోయాక శౌరయ్య ఒకరోజు గుమ్మంలో నిలబడి, "ఇంట్లో కూర్చుంటే ఉష చదువెట్టా చెల్లెమ్మా? ఇన్సూరెన్సు ఏజెంటు పరీక్ష రాయి. మా అయ్యగారింటి నిండా బళ్ళే. మొదటి పాలసీలు నేను ఇప్పిస్తా," అన్నాడు. అన్నట్టే ఇప్పించాడు. ఆ ఇంటివాళ్ళు చెప్పగా వాళ్ళ చుట్టాలు, ఆ చుట్టాలు చెప్పగా వాళ్ళ వీధివాళ్ళు. కూతురు ఉష ఇప్పుడు ఫార్మసీ ఆఖరి సంవత్సరం చదువుతోంది.

ఆ ఇంటికే ఇప్పుడు వెళుతోంది. రామకోటేశ్వరరావు గారిది వన్‌టౌన్‌లో మోటార్లు, పైపుల వ్యాపారం, ఇల్లు భవానీపురంలో. కొడుకు హర్షవర్ధన్‌కు ఒక కారు, కోడలు సుస్మితకు ఒక చిన్న కారు, షాపు సరుకుకు ఒక వ్యాను, గుమాస్తాకు ఒక స్కూటరు, పెద్దాయనకు పాత క్వాలిస్, దానికి డ్రైవరు శౌరయ్య. అన్నిటి ఇన్సూరెన్సు గడువూ ఈ నెలలోనే తీరుతుంది. నిన్న సుస్మిత ఫోన్ చేసి, "ఒకసారి రండి ఆంటీ, రేట్ల గురించి మాట్లాడాలి," అంది. 'రెన్యువల్ గురించి' అనలేదు. ఆ తేడా పట్టుకుని కనకలక్ష్మి రాత్రి పొద్దుపోయేదాకా పాత రసీదుల లెక్కలు చూసింది.

గేటు తీసేసరికి శౌరయ్య హాలు కిటికీ పక్కన క్వాలిస్‌ను తుడుస్తున్నాడు. పొట్టి మనిషి. మెడ లేనట్టు భుజాల్లోకి దిగిపోయిన తల. ఎండాకాలమైనా సరే చొక్కా చేతులకు మణికట్టు దాకా గుండీలు పెట్టుకుంటాడు.

"రా చెల్లెమ్మా. పని చూసుకో. అయ్యగారి మందులకి ఎట్టాగూ గవర్నరుపేట పోవాలి, నిన్ను మీ ఆఫీసు దగ్గర దింపుతా," అన్నాడు.

లోపల రామకోటేశ్వరరావు గారు సోఫాలో కాళ్ళు చాపుకుని ఉన్నారు. సుస్మిత ఎదురుగా కూర్చుని ఫోను కనకలక్ష్మి వైపు తిప్పింది.

"చూడండి ఆంటీ. బళ్ళన్నీ ఒకేచోట తీసుకుంటే ఈ ఆన్‌లైన్ కంపెనీవాళ్ళు ఇంతకిస్తామంటున్నారు. మీ కొటేషనేమో ఇంత. మీకు అన్యాయం చెయ్యాలని కాదు, మీరే చెప్పండి."

"మన కనకలక్ష్మి ఏదో ఒకటి చేస్తుందిలేమ్మా," అన్నారు పెద్దాయన.

ఆమె ఏదో ఒకటి చెయ్యబోయింది. చిన్నకారు పాతబడింది కాబట్టి దానికి, విడిభాగాలకు పూర్తి ధర ఇచ్చే జీరో డిప్రిసియేషన్ తీసేసింది. హర్ష ఏటా క్లెయిమ్ లేకుండా నడుపుతున్నాడు కాబట్టి ఆ రాయితీ సరిగా పడిందో లేదో చూసింది. వ్యానుకు తీసెయ్యడానికేమీ లేదు. సెల్లులో లెక్క కట్టింది, చెరిపింది, మళ్ళీ కట్టింది. పనిమనిషి తెచ్చిన కాఫీ మీద మీగడ కట్టింది. ఎంత చేసినా సుస్మిత ఫోనులోని అంకె కిందే ఉంది.

ఈ ఇల్లు పోతే చుట్టాలూ పోతారు. ఆ చుట్టాలు చెప్పిన వీధీ పోతుంది.

"క్వాలిస్ అసలు తిరుగుతోందాండీ?" అంది.

అనాలని అనుకోలేదు. నోట్లోంచి వచ్చేశాక గాని తనేమన్నదో తెలియలేదు.

"పెద్ద ఇంజను కదండీ. ఎదుటివాళ్ళ నష్టానికని ఒట్టి థర్డ్ పార్టీ వేసినా దానికి ఎక్కువే. అదొక్కటీ లేకపోతే..." అని ఆగింది.

"నేనూ అదే అంటున్నాను మామయ్యా!" అంది సుస్మిత. ఆ పిల్ల గొంతులో దుర్మార్గమేమీ లేదు. చాన్నాళ్ళుగా చెబుతున్న మాటకు ఒక తోడు దొరికిన సంతోషం మాత్రమే ఉంది. "నెలకి రెండుసార్లు హాస్పిటల్‌కి తప్ప దాన్ని తియ్యడం లేదు. ఆ రెండుసార్లూ నేను తీసుకెళ్తాను."

రామకోటేశ్వరరావు గారు కిటికీ వైపు చూశారు. "శౌరయ్యకి ఏం చెప్పను? పోనీ మీ కార్లు నడుపుతాడు. హర్ష గన్నవరం వెళ్ళినప్పుడల్లా అలిసిపోతున్నాడు."

"ఆయనకి అరవై దాటాయి మామయ్యా. రేపేదన్నా అయితే, ఆ వయసు మనిషి నడిపాడని ఇన్సూరెన్సు వాళ్ళు ఇబ్బంది పెట్టరూ? కదా ఆంటీ?"

కనకలక్ష్మి కాఫీ గ్లాసు అందుకుంది. ఇబ్బందేమీ లేదని ఆమెకు తెలుసు. లైసెన్సు చెల్లితే చాలు, వయసుతో పనిలేదు. పోయిన వేసవిలో శౌరయ్య లైసెన్సు రెన్యువల్ చేయించింది తనే. డాక్టరు సర్టిఫికెట్టు కోసం, ఫొటో కోసం వెంట తిరిగింది. కొత్త కార్డు చేతికి వచ్చాక అతను ఇటూ అటూ తిప్పి చూసుకుని, "ఇంకొన్నాళ్ళు ఢోకా లేదు," అని నవ్వాడు.

'లేదమ్మా, ఆయన నడపొచ్చు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. సుస్మిత బొటనవేలు ఇంకా ఆ రెండో కంపెనీ పేజీ మీదే ఉంది.

"ఇబ్బందేనమ్మా," అంది కనకలక్ష్మి.

పెద్దాయన కిటికీ మీంచి చూపు తిప్పుకున్నారు. తర్వాత, "సరే, మిగతావి కట్టెయ్యండి," అన్నారు. ఆమె మీగడ కట్టిన కాఫీ మొత్తం తాగేసింది.

క్వాలిస్ ముందు సీట్లో కూర్చోవడం ఆమెకు అలవాటు. ఆ తలుపు లోపలివైపు పిడి ఎప్పుడో విరిగింది. దిగేటప్పుడు శౌరయ్యే చుట్టూ తిరిగి వచ్చి బయటినుంచి తీస్తాడు. బండి కదిలినప్పటి నుంచీ అతను మాట్లాడలేదు. మామూలుగా అయితే ఉష గురించి అడిగేవాడు, లేకపోతే గుంటల్ని తిట్టేవాడు. కనకలక్ష్మి బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, ఏం అడిగితే ఏం చెప్పాలో లోపల్లోపల కూడదీసుకుంటోంది. బండి ఫ్లైఓవరు ఎక్కింది. పక్కన కృష్ణ నిండుగా, మట్టిరంగులో ఉంది.

"కిటికీ దగ్గరే తుడుస్తున్నా గదా చెల్లెమ్మా. ఇనపడింది," అన్నాడు.

ఆమె ఒళ్ళోని బ్యాగు పట్టీ సరిచేసుకుంది.

"బండి తీసెయ్యటం న్యాయమే. తిరగని బండికి ఊరికే పొయ్యటం దేనికి? అయ్యగారు మొహమాటపడుతున్నారు గాని నేనే అందామనుకుంటున్నా. అది కాదు నా బాధ." ముందు వెళుతున్న ఆటోకు దారి వదిలి, మళ్ళీ అన్నాడు. "నాకు తెలవక అడుగుతున్నా. ఈ వయసుకి లైసెన్సున్నా చెల్లదా? మా మేనల్లుడు జాన్‌బాబు గొల్లపూడిలో కార్లు తిప్పుతున్నాడు. రా మావా, ఒక బండి నీకిస్తానంటున్నాడు. వస్తాలేరా అన్నా. నా మూలంగా రేపు ఆ పిల్లోడికి ఇన్సూరెన్సు రాకపోతే ఎట్టా?"

చెప్పడానికి ఒక్క మాట చాలు. కాని ఆ మాట చెబితే దాని వెనకే ఇంకో మాట రావాలి. మరి ఇంట్లో అట్లా ఎందుకన్నావని అతను అడగడు. అడగడని తెలుసు కాబట్టే ఆమె నోరు పెగల్లేదు.

"కనుక్కుని చెబుతా అన్నయ్యా," అంది.

"నీకు తెలవంది ఏముందిలే ఇందులో," అన్నాడు శౌరయ్య, పూర్తి నమ్మకంతో.

గవర్నరుపేటలో బండి ఆపి, చుట్టూ తిరిగి వచ్చి తలుపు తీశాడు. ఆమె దిగాక కొంగు తలుపు సందులో పడకుండా పక్కకు జరిపి, మెల్లగా మూశాడు.

ఆఫీసులో పని చకచకా అయిపోయింది. హర్ష ఫోనులోనే డబ్బు పంపాడు. ఒక్కొక్క పాలసీ తయారై తెర మీదికి వస్తుంటే, కౌంటరు దగ్గరి కుర్రవాడు, "మంచి పార్టీని నిలబెట్టుకున్నారు మేడం. ఈ మధ్య అందరూ ఆన్‌లైన్‌కి పోతున్నారు," అన్నాడు. "క్వాలిస్ రాలేదేంటి?"

"తీసేస్తున్నారు," అంది.

మధ్యాహ్నం క్యారేజీ విప్పింది. బీరకాయ పచ్చడన్నం రెండు ముద్దలు తిని మూత పెట్టేసింది. అజిత్‌సింగ్‌నగర్‌లో ఒకరి ఆటో పాలసీ ఇవ్వాల్సి ఉంది, వెళ్ళి ఇచ్చింది. ఆటో అతను, "డ్రైవరుకి ఏమన్నా అయితే వస్తదా అమ్మా ఇందులో?" అని అడిగితే, ఉన్నది ఉన్నట్టు, ఒకటికి రెండుసార్లు విడమరిచి చెప్పింది. అతను విసుగ్గా తల ఊపినా చెబుతూనే ఉంది.

పొద్దు వాలాక బస్టాండులో కొండపల్లి బస్సు కోసం నిలబడి, శౌరయ్యకు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, కనుక్కున్నాను. లైసెన్సు చెల్లుతుంది. మీరు ఏ బండయినా నడపొచ్చు. ఇన్సూరెన్సుకేమీ అడ్డం లేదు."

అవతల గిన్నెల చప్పుడు, ఎవరో ఆడమనిషి గొంతు. అతని భార్య ఆదెమ్మ అయివుండాలి.

"మరి పొద్దున..." అన్నాడు.

"పొరపాటు పడ్డాను."

"అట్టాగా," అన్నాడు శౌరయ్య. "జాన్‌బాబుకి మధ్యాన్నమే చెప్పేశా, నా వల్ల కాదురా, ఇంకొకణ్ణి చూసుకోమని. వాడికీ తొందర గదా, కుదుర్చుకున్నాడంట." మళ్ళీ, "పర్లేదులే చెల్లెమ్మా. పొద్దుననగా బయల్దేరి తిరుగుతానే ఉంటివి. మనిషన్నాక పొరపడతాం. ఇంటికి పోయి పడుకో," అన్నాడు.

అతను నమ్మాడో, నమ్మినట్టు మాట్లాడాడో ఆమెకు అంతుపట్టలేదు. ఫోను చేతిలోనే ఉంది. సుస్మిత పేరు దాకా వేలితో జరిపింది. నేను చెప్పింది తప్పమ్మా, ఆయన మీ కార్లు నిక్షేపంగా నడపొచ్చు అని చెప్పాలి. అంతే. అంతే గాని, ఇంకేమి తప్పులు చెప్పావని ఆ పిల్ల అనుకోదా? రేపు ఆ పాలసీలన్నీ ఒకటికి పదిసార్లు చూడదా? బస్సు వచ్చింది. జనం తోసుకున్నారు. ఆమె ఫోను బ్యాగులో వేసి, వాళ్ళతోపాటు ఎక్కింది.

మర్నాడు చేద్దామనుకుంది. మర్నాడు మైలవరంలో పని పడింది. ఆ తర్వాత రోజు చేద్దామనుకుంది. అలా అనుకుంటూనే ఉంది.

రామకోటేశ్వరరావు గారికి ఫోనులో పంపే పాలసీల మీద గురి లేదు. కాగితం చేతిలో పెట్టాలి. మరుసటి వారం ఆమె వాటిని అచ్చు తీయించి, ప్లాస్టిక్ కవర్లలో పెట్టి పట్టుకెళ్ళింది. పెద్దాయన ఒక్కరే ఉన్నారు. కవర్లు విప్పకుండానే పక్కన పెట్టారు.

"క్వాలిస్‌ని గుడివాడ వాళ్ళెవరో తీసుకున్నారమ్మా. శౌరయ్యే దగ్గరుండి అప్పజెప్పాడు. తర్వాత ఇల్లు ఖాళీ చేసి, అవనిగడ్డలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు మొగుడూ పెళ్ళామూ."

"ఎప్పుడండీ?"

"ఇవాళ పొద్దున్నే. చెప్పిపోదామని వచ్చాడు. కనకలక్ష్మి వస్తానంది, కాసేపు ఉండరాదా అన్నాను. బస్సు వేళయిందన్నాడు." ఆయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. "ఇంకో నాలుగేళ్ళు నడిపేవాడే. నువ్వన్నట్టు ఇన్సూరెన్సు బాధ లేకపోయుంటే."

ఇప్పుడైనా చెప్పొచ్చు. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఈయన కోప్పడే మనిషి కూడా కాదు. కనకలక్ష్మి నోరు తెరిచింది.

"వస్తానండీ," అంది.

మెట్లు దిగి గేటు వైపు నడుస్తూ, ఖాళీ అయిన షెడ్డు దగ్గర ఆగింది. సిమెంటు నేల మీద నూనె మరక నల్లగా, బండంత వెడల్పున ఉంది. లోపలి గోడకు, పొట్టిమనిషి ముఖానికి సరిపోయేంత ఎత్తులో, మేకుకు అరచేతి పాటి అద్దం ఒకటి వేలాడుతోంది. ఇన్నేళ్ళుగా వస్తూ పోతూ ఆమె దాన్ని ఎప్పుడూ చూడలేదు. బండి అడ్డం ఉండేది. అద్దం పక్కన గోడ సందులో నల్ల దువ్వెన ఒకటి దోపి ఉంది. దాని పళ్ళ మధ్య రెండు తెల్లవెంట్రుకలు గాలికి కదులుతున్నాయి.