ఉడకబెట్టిన రికార్డు

పన్నెండు గంటలు మగ్గాల మధ్య నిలబడి, పొద్దున్నే ఖటోదరా మిల్లు నుంచి కోసాడ్ కాలనీలోని ఇంటికి చేరేసరికి సోమలింగానికి ఒళ్లు తనది కాదన్నట్టుంది. అయినా పడుకోలేదు. పరదా కడ్డీ బిగిద్దామని మిల్లు ఫిట్టర్ దగ్గర ఇనుప టేపు అడిగి తెచ్చాడు మరి.

గోడ మీద కూతురు రుచిత నీలం పెన్సిలు గీతలున్నాయి. కిందిది ఒకటీ యాభై ఐదు. ఎల్లుండి హైజంప్ సెలెక్షన్‌లో దాటాల్సిన ఎత్తు. పైన రెండు మీటర్ల తొమ్మిది, దాని మీద గోరంత ఎడంలో రెండు మీటర్ల పది. ఆడవాళ్ల ప్రపంచ రికార్డులు, పాతదీ కొత్తదీ. ఆ తొమ్మిది పది కావడానికి ముప్పై ఏడేళ్లు పట్టిందట. సోమలింగం సూరత్‌కు వచ్చిందీ ఇంచుమించు ఆ తొమ్మిది దూకిన ఏడాదే.

టేపు చేతిలో ఉంది కదా అని పై గీతకు ఆనించి చూశాడు. రెండు మీటర్ల ఒకటిన్నర సెంటీమీటర్లు. మళ్లీ పెట్టాడు. అంతే. కింది గీత ఒకటీ నలభై తొమ్మిది.

ఆయన చూపు మేకుకు వేలాడుతున్న బట్ట పట్టీ మీద పడింది. నిరుడు తనే మగ్గం మీంచి దిగి ఇంకా నీళ్లు తగలని కోరా జార్జెట్ ముక్క తెచ్చి, సెంటీమీటరుకో ఎర్ర దారం కుట్టి కూతురికిచ్చిన కొలత. ఈ మధ్య గోడ మీద గీసిన గీతలూ, రోజూ దూకే కర్ర ఎత్తు పెట్టడమూ దానితోనే.

"వినోదా, గీ పట్టీ ఉతికినవా?"

"వానకాలం బురదల పడ్డది. సబ్బుపొడేసి ఉడకబెట్టిన. ఏమైంది?" అంది భార్య వంటింట్లోంచి.

సోమలింగం మంచం మీద కూలబడ్డాడు. కోరా బట్ట ఉడుకు నీళ్లలో ముడుచుకుంటుందని ఆయనకు తెలియక ఎవరికి తెలుస్తుంది? చెప్పకపోతే ఎల్లుండి జడ్జీలే చెబుతారు, అందరి ముందూ.

రుచిత పళ్లు తోముకుంటూ వచ్చింది. "బాపు, ఇంక పండుకోలేదా? మొఖం గట్ల పెట్టినవేంది?"

చెప్పాడు. ఆ పిల్ల టేపు లాక్కుని తనే కొలిచింది.

"అంటే నేను ఒకటీ యాభై ఐదు ఒక్కపారి గూడ దుంకలే."

"తప్పు నాది బిడ్డా. రోజూ నేసే బట్టనే, యాదికి రాలె."

"పట్టీ ఉడకబెట్టింది మమ్మీ గదా."

"నా మీదికే తిప్పుండ్రి," అంది వినోద.

"ప్రపంచ రికార్డు గూడ ఉడకబెట్టినవ్ మమ్మీ."

ఎవరూ పెద్దగా నవ్వలేదు.

బ్లాకు వెనక పాత పరుపుల దగ్గర ఇనుప టేపుతో కర్ర పెట్టారు. నిన్నటిదాకా దాటిన కర్రే, ఆరు సెంటీమీటర్లు పైకి పోయింది. రుచిత మూడుసార్లు దూకింది. మూడుసార్లూ కర్ర పడింది. ప్రతిసారీ సోమలింగం వంగి తీసి పెట్టాడు. మూడోసారికి నడుము కలుక్కుమంది.

"ఎల్లుండి పోకుంటే పోనీ బిడ్డా," అన్నాడు చివరికి.

రుచిత పరుపు మీదే కూర్చుని మోకాళ్లు దులుపుకుంది. "పోత. నేను అసల్ ఎంత దుంకుతున్ననో గాడనే తెలుస్తది. నువ్వు పండుకోపో. పండుకునే ముందు గా రికార్డు మాత్రం సరిగ్గ గియ్యి."

సోమలింగం ఇంట్లోకి వెళ్లి పాత గీతలు తడిగుడ్డతో తుడిచాడు. టేపు పెట్టి పెన్సిలు ఎత్తాడు. ఈసారి కాలివేళ్ల మీద నిలబడాల్సి వచ్చింది.