అద్దం పడవ

లైఫ్ జాకెట్లు కావాలని పడవ ఓనరు ఉదయ్ భాస్కర్‌ని ఏడాదిగా అడుగుతున్నాను. ఆయన తెచ్చింది మాత్రం మందపాటి ప్లాస్టిక్ అద్దం. పడవ అడుగు కోసి దాన్ని బిగించాలట. టూరిస్టులు గోదావరిలో చేపల్ని చూస్తారట!

"మంచిగున్న పడవకు బొక్క పెడ్తరా సారూ?" అన్నాను.

"నడిపేవాడివి, నడుపు కోటేషూ. మిగతాది నీకెందుకు?" అన్నాడు.

పళ్లు నూరుకుంటూనే కోసి, బోల్టులు బిగించాను. చుట్టూ పూసిన గమ్ము ఆరకముందే ఆయన పడవను నీళ్లలోకి నెట్టించి, తనే ముందు ఎక్కి కూర్చున్నాడు. అద్దంలో ఎర్రటి బురదనీళ్లు తప్ప చేప తోక కూడా కనబడలేదు. నది మధ్యకు వచ్చేసరికి అద్దం అంచుల్లోంచి నీళ్లు ఊరడం మొదలైంది. ఆయన మొహం పాలిపోయింది.

"లైఫ్ జాకెట్ ఏదిరా?"

అద్దాన్ని కాలితో చూపించాను.

"మీరు తెచ్చింది ఇదే గద సారూ. తొడుక్కోండ్రి."