విన్నామని రాసుకోండి

సుగుణను ఆమె మొగుడు కొట్టి చంపిన పూట మా వాడలో ముప్పై మగ్గాలు నడుస్తున్నాయి. ఒక్కటీ ఆగలేదు. తొమ్మిదింటికి మొదలైన కేకలు పదకొండు దాటాక ఆగిపోయాయి. ఆగాయని నాకెలా తెలుసంటారా? నేను వింటున్నాను కాబట్టి. వాళ్లకూ మాకూ నడుమ ఉన్నది ఒక్క గోడే.

మా కొత్తవాడలో ఎవరైనా పోతే శవం లేచేదాకా మగ్గం ముట్టరు. మా పెద్దల నాటి కట్టుబాటు అది. సుగుణ పోయిందన్న కబురు రాగానే మేమూ ఆపాం. మర్యాద తెలిసినవాళ్లం కదా! చచ్చాక ఆపాం, చస్తుండగా ఆపలేదు.

మధ్యాహ్నం పోలీసులొచ్చి పంచనామా రాశారు. మేడ మెట్ల మీది నుంచి జారిపడిందని ఆమె భర్త సారంగపాణి చెప్పాడు. మీకేమైనా వినపడిందా అని చుట్టుపక్కల ఆడవాళ్లను అడిగారు. మగ్గాల చప్పుడులో ఏమీ వినపడలేదన్నాం. ఆరుగురు వేలిముద్రలు వేశారు. నేను, సోమక్కను, ఒక్కదాన్నే సంతకం చేశాను. సంతకం వచ్చునని అప్పటిదాకా నాకు భలే గర్వంగా ఉండేది. ఇది ఎనభై ఒకటో సంవత్సరం మాట.

ఎందుకు అబద్ధమాడామో కూలి చేసుకు బతికే అన్నలకు చెప్పనక్కర్లేదు. చదువుకునే తమ్ముళ్లకు చెప్పాలి. మా వాడలో జంపఖానాలు నేస్తాం. మగ్గం మాది, కాళ్లు పెట్టుకునే గుంట మాది, నడుము నొప్పి మాది. నూలు మాత్రం సారంగపాణిది. అతనిస్తే నేస్తాం, నేసింది అతనికే అప్పజెబుతాం. అతను నూలు ఆపిన వారానికి మా పొయ్యి ఆరిపోతుంది. అందుకని మాకు వినపడలేదు.

ఆ తర్వాత నాకు సుఖం లేదు. మగ్గంలో కూర్చుని పోగు బిగించే దెబ్బ వేసినప్పుడల్లా సుగుణ గొంతు వచ్చేది. “సోమక్కా” అని పిలిచేది. ఆ రోజు అలాగే పిలిచింది మరి, నా పేరు పెట్టి, మూడుసార్లు. ఒకే జంపఖానా మీద నా పక్కన కూర్చుని నేసే మా ఆయన సాంబయ్యకు కూడా ఈ మాట చెప్పలేదు. అతనూ ఎప్పుడూ అడగలేదు. ఇద్దరం తలలు వంచుకుని నేసేవాళ్లం.

రెండేళ్లు తిరక్కముందే సారంగపాణి ధర్మసాగర్ నుంచి రాజేశ్వరిని చేసుకొచ్చాడు. పందొమ్మిదేళ్ల పిల్ల. మొదట్లో నవ్వుకుంటూ నీళ్లకు నల్లా దగ్గరికి వచ్చేది. తర్వాత తల వంచుకుని వచ్చేది. ఆ తర్వాత రావడమే మానేసింది. వాకిలికి బయటినుంచి తాళం పడింది. ఎనభై అయిదు వానాకాలంలో గోడ అవతల మళ్లీ కేకలు మొదలయ్యాయి.

నాకు అప్పుడు ఒక సంగతి అర్థమైంది. తెల్లవారుజామున వాడ నిశ్శబ్దంగా ఉన్నప్పుడు అతను చెయ్యి లేపడు. మగ్గాలు జోరందుకున్నాకే లేపుతాడు. మా చప్పుడు చూసుకునే కొడుతున్నాడు. అంటే ఆ పిల్ల నోరు మూసేది అతనొక్కడే కాదు. మా ముప్పై మగ్గాలూ మూస్తున్నాయి. ఆ ఆలోచన వచ్చిన పూట నేను అన్నం తినలేకపోయాను.

ఎదురింటి బక్కమ్మ డెబ్బై ఏళ్ల ముసలిది. వాడందరికీ నూలు కండెలు చుట్టి ఇస్తుంది. పంచనామా మీద మొదటి వేలిముద్ర ఆమెదే. ఒకరోజు పొద్దున కేకలు వినపడుతుండగా కండెల బుట్ట కింద పెట్టి నా మగ్గం దగ్గరికి వచ్చింది.

“సచ్చినంక ఆపుతం గద సోమక్కా. జర ముందుగాల ఆపితే ఏమైతది?” అంది.

నేను చేతిలోది వదిలేశాను. ఎవరు పోయారని సాంబయ్య కంగారుగా అడిగాడు. ఎవరూ పోలేదు, ఆపు అన్నాను. ఎవరూ పోకుండా మగ్గం ఆపితే ఇంటికి అరిష్టమని మావాళ్ల భయం. అయినా అతను ఆపాడు. బక్కమ్మ ఒక వరస, నేను ఒక వరస పట్టుకుని ఇంటింటికీ తిరిగాం. కొందరు తిట్టారు. కొందరు మొహం చూసి మారు మాట్లాడకుండా లేచారు. ఒక్కొక్క మగ్గమే ఆగుతూ వచ్చి చివరికి వాడంతా చప్పబడింది.

అప్పుడు ఆ పిల్ల గొంతు అందరికీ వినపడింది. ఒక్కో దెబ్బా వినపడింది. మొగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేక నేల చూశారు. కాసేపటికి లోపల దెబ్బలు ఆగాయి. సారంగపాణి బయటికొచ్చి అరుగు మీద నిలబడి, వాడ ఇంత నిశ్శబ్దంగా ఎందుకుందో తెలియక అటూ ఇటూ చూశాడు.

“ఎవరు సచ్చిండ్రు?” అని అడిగాడు.

“ఇంక ఎవ్వరు సావలే,” అంది బక్కమ్మ. “గందుకే ఆపినం.”

మర్నాటి నుంచి వాడకు నూలు బందయింది. అది మాకు తెలిసిందే. ఆ ఆదివారం నేత కార్మికుల సంఘం గదిలో మీటింగు పెట్టారు. ఆడవాళ్లం పిలవకుండానే పోయి కూర్చున్నాం. సంఘం పెద్ద రాయమల్లు మంచివాడే, కూలి రేట్ల కోసం రెండుసార్లు జైలుకెళ్లినవాడు. కాని ఆ రోజు ఆయనకు కోపమొచ్చింది. ఆలుమొగల కొట్లాట సంఘం మీదికి తెచ్చి ముప్పై ఇళ్లు పస్తులు పెట్టారని మమ్మల్ని దులిపేశాడు. ముందు నూలు సంగతి తేల్చుకుందాం, ఆడపిల్ల సంగతి తర్వాత చూద్దామన్నాడు.

“రాయమల్లన్నా,” అన్నాను. “కూలి పెంచమని నువ్వడిగితే వాడు నూలాపుతాండు. పెండ్లాన్ని కొట్టకు అని మేమంటే గూడ నూలే ఆపుతాండు. గవి రెండు కొట్లాటలెట్లయితయి?”

గదిలో గోల లేచింది. వాడు మొగుడు, వాడిష్టం అని ఒకడన్నాడు. అన్నవాణ్ని పక్కనే ఉన్న వాడి పెళ్లామే గదమాయించింది. ఆ గోలలో సాంబయ్య లేచాడు. మీటింగుల్లో ఎన్నడూ నోరు విప్పని మనిషి. “సుగుణ సచ్చిన్నాడు నేను గూడ ఇన్న,” అన్నాడు. ఇంకేం చెప్పలేక కూర్చున్నాడు. నాలుగేళ్లు పక్కపక్కన కూర్చుని ఇద్దరమూ ఒకే గొంతు విన్నామన్నమాట. నాకు ఏడుపు ఆగలేదు. చివరికి రాయమల్లు, సరే, సంఘం మీ వెనక ఉంటుందన్నాడు. వెనక కాదు, పక్కన ఉండమంది బక్కమ్మ.

హన్మకొండలో లా చదివే కమల అనే అమ్మాయిని సంఘం పిలిపించింది. పెళ్లాన్ని హింసించిన మొగుడికి మూడేళ్ల జైలు పడేలా కొత్త చట్టం వచ్చిందని ఆమె చెప్పింది. అయితే ఫిర్యాదు మనం ఇస్తే చెల్లదు, ఆ పిల్ల ఇవ్వాలి, లేదా ఆమె చుట్టాలివ్వాలి. అందుకని కమలను తీసుకుని నేను రాజేశ్వరి కిటికీ దగ్గరికి పోయాను. ఆ పిల్ల కన్ను వాచి మూసుకుపోయింది. చట్టం సంగతి అంతా ఊచలు పట్టుకుని విన్నది.

“కొట్టింది సరే. చెయ్యి లేపకుండ, అన్నం ముంగట కూసుండవెట్టి తిననియ్యకపోతే? అమ్మగారింటికి పోనియ్యకపోతే? గది గూడ కేసైతదా?” అని అడిగింది.

అవుతుందని కమల చెప్పింది. రాజేశ్వరి తన కష్టానికి ఒక పేరుందని అప్పుడే విన్నది. కాని వెంటనే నా వైపు తిరిగింది.

“నేను చెప్త సోమక్కా. మల్ల మీరు చెప్తరా? సుగుణక్కకు చెప్పిండ్రా?”

నేను ఆ పిల్లకు అబద్ధం చెప్పదలచుకోలేదు. చెప్పలేదు, విని కూడా చెప్పలేదు అన్నాను. ఈసారి చెబుతామని మాటిచ్చాను. మర్నాడు పొద్దున సారంగపాణి అరుగు మీద నిలబడి చూస్తుండగానే ఆడవాళ్లం తాళం పగలగొట్టాం. అడ్డం రావడానికి అతను ఒక అడుగు వేశాడు. వాడ మొత్తం నిలబడి ఉండడం చూసి అడుగు వెనక్కి తీసుకున్నాడు.

రాజేశ్వరిని నడుమ పెట్టుకుని స్టేషనుకు నడిచాం. ఆ పిల్ల నిలబడే అంతా చెప్పింది, ఒక్క ముక్క వదలకుండా. ఎస్సై సాక్షులెవరని అడిగాడు. మేం ముందుకొచ్చాం. మా పేర్లు వినగానే రైటరు లోపలికి పోయి ఒక పాత ఫైలు పట్టుకొచ్చి ఎస్సై ముందు పెట్టాడు. ఎస్సై చదివి నవ్వాడు.

“నాలుగేండ్ల కింద ఏమీ వినపడలేదని మీరే రాసిచ్చారు. అప్పుడు అబద్ధమా, ఇప్పుడు అబద్ధమా? ఆలోచించుకోండి. అబద్ధపు వాంగ్మూలం అంటే మిమ్మల్నే లోపలేస్తా.”

మావాళ్లు బిగుసుకుపోయారు. రాజేశ్వరి నన్నే చూస్తోంది. భయం లేదని చెప్పను. ఇంట్లో పిండి నిండుకుంది, జైలంటే ఏమిటో రాయమల్లు చెప్పగా విన్నాను. కాని ఆ గొంతుతో ఇంకో నాలుగేళ్లు బతకడం నావల్ల కాదు.

“గప్పుడు అబద్ధం సారు,” అన్నాను. “ఆమె నన్ను మూడుసార్లు పిలిచింది. నేను ఇన్న. మమ్మల్ని లోపలెయ్యుండ్రి. గని మేం అబద్ధమాడినమని రాయాలంటే సుగుణ మెట్లమీదికెల్లి పడలేదని గూడ రాయాలె. మా కేసుతోని ఆమె కేసు గూడ తెరవాలె.”

ఎస్సై నవ్వు ఆగిపోయింది. రాజేశ్వరి ఫిర్యాదు రాసుకుంటాను, పాతది వదిలేసి ఇళ్లకు పొమ్మన్నాడు. మేం కదల్లేదు. స్టేషను వాకిట్లో బైఠాయించాం. మమ్మల్ని అరెస్టు చెయ్యాలని నినాదాలు మొదలుపెట్టాం. బజారు జనం గుమిగూడారు. అరెస్టు చెయ్యొద్దని కాకుండా చెయ్యమని అరిచే ఆడవాళ్లను వాళ్లెప్పుడూ చూడలేదు. రాయమల్లు ముప్పై మగ్గాల మొగవాళ్లను వెంటబెట్టుకొచ్చి మా పక్కనే కూర్చున్నాడు. మూడింటికి ఎస్సై దిగొచ్చాడు; మా మాట కొత్తగా రాసుకోవడానికి రైటరు ఫైలు పట్టుకుని బయటికొచ్చాడు. పంచనామాలో ఉన్న పేర్లు వరసగా చదవడం మొదలుపెట్టాడు.

బక్కమ్మ లేచింది. ఇన్న, రాసుకొమ్మంది. తర్వాతి ఆమె లేచింది. ఆ తర్వాతి ఆమె లేచింది. నా పేరు చదవగానే నేనూ లేచాను. ఆఖరి పేరు యాకమ్మ. ఆమె నిరుడే దగ్గుతో దవాఖానలో పోయింది. రైటరు రెండోసారి చదివాడు. పేరు కొట్టెయ్యడానికి అతను పెన్ను తీశాడు.

అప్పుడు యాకమ్మ కోడలు, చంకలో బిడ్డతో గుంపు చీల్చుకుని ముందుకొచ్చింది.

“కొట్టెయ్యకుండ్రి సారు. మా అత్త సచ్చేముంగట నాకు చెప్పి సచ్చింది. ఆమె గూడ ఇన్నదట. రాసుకోండ్రి.”