టీచరమ్మ మెడలో పేగు ముక్క

నాకు కోపం ఎక్కువ, మతిమరుపు తక్కువ. కనీసం ఆ మంగళవారం దాకా అలాగే అనుకున్నాను.

ఇరవై ఆరేళ్ళుగా ఆసుపత్రి ల్యాబులో ముక్కలు కోసే పని నాది. సర్జన్లు మనిషి ఒంట్లోంచి తీసిన ముక్కను మైనంలో పోతపోసి బిళ్ళ చేస్తాం. ఆ బిళ్ళను యంత్రానికి బిగించి, వెంట్రుక కన్నా పల్చగా పొరలు కోసి, గోరువెచ్చటి నీళ్ళ మీద తేలనిచ్చి, గాజు స్లైడ్ మీదికి ఎత్తి, రంగులు వేసి మా డాక్టరమ్మకు ఇస్తాను. ఆమె మైక్రోస్కోపులో చూసి జబ్బు పేరు చెబుతుంది. నన్ను అందరూ కత్తి అక్క అంటారు. ముందు పని చూసి అన్నారో, నోరు చూసి అన్నారో నేనెప్పుడూ అడగలేదు.

ఆ మంగళవారం పొద్దున డాక్టరమ్మ నన్ను పిలిచి, మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే ఆ స్లైడ్ ఎవరిదని అడిగింది. నంబరు చూసి చెప్పాను, లెక్కల టీచరమ్మది అని. ఆవిడ మెడలో వెన్నుపామును నొక్కుతూ ఒక గడ్డ పెరిగింది. చేతిలో చాక్‌పీసు నిలవక జారిపోతుంటే వచ్చి చూపించుకుంది. సర్జన్ గారు మెడ తెరిచి, గడ్డలోని నీరు తీసేసి, దాని గోడలోంచి చిన్న ముక్క మాకు పంపారు. అది చెడ్డ గడ్డయితే వెంటనే కరెంటు, అంటే రేడియేషన్, పెట్టాలి. కాకపోతే ఆవిడ జోలికి ఎవరూ పోనక్కర్లేదు. అంతా మేం చెప్పే పేరు మీదే ఉంది.

"మరి ఇందులో పేగు ఉందేమిటక్కా?" అంది డాక్టరమ్మ.

నేనూ కన్ను పెట్టి చూశాను. నేను డాక్టర్ని కాను గానీ ఇన్నేళ్ళలో పేగు లోపలి పొరను గుర్తుపట్టలేనంత మొద్దునూ కాను. జిగురుతో నిండిన కణాలు వరసగా నిలబడి ఉన్నాయి. మెడ ఎక్కడ, పేగు ఎక్కడ? మోకాలికీ బోడిగుండుకీ ముడి పెట్టినట్టుంది.

డాక్టరమ్మ గొంతు తగ్గించింది. సోమవారం టీచరమ్మ బిళ్ళకు ముందు నేను కోసింది ఒక ముసలాయన పేగు బిళ్ళ. ఒక బిళ్ళకూ ఇంకో బిళ్ళకూ మధ్య నీళ్ళ పైభాగాన్ని కాగితంతో తుడవాలి. తుడవకపోతే ముందువాళ్ళ ముక్క తేలుతూ ఉండి, తర్వాతివాళ్ళ స్లైడ్‌కు అంటుకుంటుంది. ఏ ల్యాబులోనైనా జరిగే పొరపాటే. తుడిచారా అని అడిగింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ అమ్మాయి చదువు ముగించుకుని కొత్తగా వచ్చినప్పుడు బిళ్ళ ఎలా పట్టుకోవాలో నేర్పింది నేను. తుడిచానన్నాను. గుర్తుందా అంది. రోజుకు నలభైసార్లు చేసే పని. ఇల్లు తాళం వేసి వీధి చివరికొచ్చాక గ్యాస్ కట్టేశానా లేదా అని ఆలోచిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. ఆలోచించేకొద్దీ తెలియకుండా పోతోంది.

ఇంకాస్త లోతుగా కోసి చూద్దామన్నాను. బిళ్ళలో గోరుముక్కంత మిగిలింది, వేరే పరీక్షలకు అది ఉండాలి, పాడు చెయ్యొద్దంది. అదీ నిజమే. ఈలోగా సర్జన్ గారు మూడుసార్లు ఫోన్ చేశారు. కుడితిలో పడ్డ ఎలుకలా మధ్యాహ్నమంతా కొట్టుకున్నాను. సాయంత్రమయ్యేసరికి వింత జరిగింది. తుడవకుండా వదిలేసిన నన్ను నేనే మనసులో చూడటం మొదలుపెట్టాను. కాగితం ఎక్కడ పడి ఉందో కూడా కనిపించింది.

మా ల్యాబులో తప్పుల పుస్తకం ఒకటుంది. తేదీ, తప్పు ఎవరిది, ఎలా జరిగింది, ఏం చేశారు అని నాలుగు గడులు. ఇరవై ఆరేళ్ళలో నా పేరు అందులో లేదు. ఆ సాయంత్రం రాసి సంతకం పెట్టేశాను. నిజం చెప్పొద్దూ, పెట్టాక ప్రాణం హాయిగా ఉంది. డాక్టరమ్మకూ హాయిగానే ఉన్నట్టుంది, నా భుజం తట్టి వెళ్ళింది. ముక్క పనికిరాలేదు, మళ్ళీ తీయాలి అని సర్జన్ గారికి కబురు వెళ్ళింది. శుక్రవారం పదకొండింటికి రెండో ఆపరేషన్.

బుధవారం టీచరమ్మ మెడకు పట్టీతో, వాళ్ళ అన్నయ్యను వెంటబెట్టుకుని మా కిటికీ దగ్గరికి వచ్చింది. తప్పు నాదేనని నేనే చెప్పాను. ఆయన గొంతు లేచింది. ఆయన అరిచినదాంట్లో అన్యాయమేమీ లేదు. మొదటి ఆపరేషన్‌తో చెయ్యి సగం తిరిగి వచ్చిందట, రెండోసారి తెరిస్తే ఆ సగం ఉంటుందో లేదో హామీ లేదని సర్జన్ గారు చెప్పారట. ఆవిడే ఆయన్ను ఆపింది.

"ఒప్పుకున్నారు కదన్నయ్యా. అందరూ ఒప్పుకోరు."

ఆ మాటకు నాకు కన్నీళ్ళు వచ్చాయి. ఎంత మంచిదాన్నో అని నా మీద నాకే ముచ్చటేసింది. సిగ్గులేకపోతే సరి.

గురువారం ఇంట్లో సంగతి చెబితే మా ఆయన వింతగా చూశాడు. కూరలో ఉప్పెక్కువైందని ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ ఒప్పుకోనిదానివి, ఇది ఎలా ఒప్పుకున్నావే అన్నాడు. నవ్వులాటకే అన్నాడు. నాకు మాత్రం గుండెలో కలుక్కుమంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే దొంగ భుజాలు తడుముకున్నాడంటారు. నేను దొంగనో కాదో తెలియకుండానే తడుముకున్నాను.

శుక్రవారం అందరికన్నా ముందు ల్యాబుకు వెళ్ళాను. ఎవర్నీ అడగలేదు. నీళ్ళు మార్చాను, కొత్త బ్లేడు వేశాను, టీచరమ్మ బిళ్ళ ఒక్కటే బిగించి లోతుగా నాలుగు పొరలు కోశాను. రంగులు ఆరేసరికి పది కావస్తోంది. డాక్టరమ్మ అప్పుడే వచ్చి బ్యాగు కూడా దించలేదు, స్లైడ్ ముందు పెట్టాను. ఎవరు కొయ్యమన్నారని అడగబోయి కన్ను పెట్టింది. పెట్టిన కన్ను తియ్యదే!

చాలాసేపటికి నన్ను చూడమంది. ఒకటే ముక్క. ఒక అంచున వెన్నుపాము మీద ఉండే పొర, రెండో అంచున పేగు పొర. మధ్యలో సందు లేదు, అతుకు లేదు, ఒకదాంట్లోంచి ఒకటి పుట్టినట్టుంది. తేలి వచ్చింది అలా ఉండదు. ముసలాయనది కాదు, ఇది టీచరమ్మదే.

కడుపులో పిండంగా ఉన్నప్పుడు పేగూ వెన్నూ పక్కపక్కనే మొదలవుతాయట. విడిపోయేటప్పుడు ఎప్పుడో ఎవరికో చిటికెడు పేగు వెన్ను దగ్గర ఉండిపోతుందట. అది మెల్లగా నీటితిత్తిలా ఊరుతుంది గానీ చెడ్డది కాదట. డాక్టరమ్మ మొహం పాలిపోయింది.

"పరీక్షలో దీని గురించి రెండు పేజీలు రాశానక్కా. ఎదురుగా వస్తే మీ తప్పనుకున్నాను."

పదకొండుకింకా టైముందని థియేటరుకు ఫోన్ చేసింది. ముందున్న రోగికి జ్వరం రావడంతో టీచరమ్మను తొమ్మిదిన్నరకే లోపలికి తీసుకెళ్ళారని నర్సు చెప్పింది. డాక్టరమ్మ చేతిలోంచి ఫోన్ లాక్కుని, ఆపమనండి, కత్తి ఆపమనండి అని నేనే అరిచాను. నర్సు ఫోన్ తీసుకెళ్ళి సర్జన్ గారి చెవి దగ్గర పెట్టింది. మొదటి ముక్కే చాలు, అది చెడ్డ గడ్డ కాదని చెప్పాను. చర్మం, కండ తెరిచాం, ఇంకా ఎముక దాకా పోలేదన్నారాయన. మొన్న ముక్క పనికిరాదన్నారు, ఇవాళ అదే ముక్క చాలంటున్నారు, నేను దేన్ని నమ్మాలి అని అడిగారు. డాక్టరమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, ఇవాళ్టిది నమ్మండి, బాధ్యత నాది అంది. అవతల ఆయన కుట్లకు దారం అడగడం వినిపించింది.

మర్నాడు వార్డుకు వెళ్ళాను. టీచరమ్మ చేతిలో చిన్న రబ్బరు బంతి పెట్టి నొక్కుతోంది. సగం చెయ్యి సగంగానే ఉంది, పోలేదు. సర్జన్ గారు ఆవిడకు అప్పటికే చెప్పారు, ఏడాదికోసారి స్కాన్ చాలని. మిగతాది నేను చెప్పాను.

"ఇంతకీ మీరు ఆ రోజు నీళ్ళు తుడిచారా, లేదా?" అంది చివరికి.

"ఇప్పటికీ గుర్తులేదమ్మా."

"అదే రాయొచ్చు కదండీ. గుర్తులేదని రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదా?"

లేదన్నాను. మా పిల్లలూ అంతేనండి, రాదని చెప్పరు, భయపడి ఏదో ఒక జవాబు రాసేస్తారు అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. దిండు కాస్త ఎత్తుగా పెట్టమని అడిగితే తల పట్టుకుని ముందుకు వంచాను. మెడ వెనక కట్టు మీద ఎర్రటి మరక కనిపించింది. మానుతున్న పాత గాయాన్నే మళ్ళీ తెరిచారు. ఆ రెండో కోత ఎవరిదన్న విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు.